లైకెన్ అనే మాట ఎక్కడిది? రాతిపువ్వుకూ చర్మవ్యాధికీ ఒకే పేరు ఎందుకు?

తాడిపత్రి నుండి మీరు రాసిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి ముంజేతుల మీదా చీలమండల దగ్గరా ఊదారంగు పొక్కులు లేచి విపరీతంగా దురద పెడుతుంటే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించారు. ఆయన చీటీ మీద ‘లైకెన్ ప్లానస్’ అని రాసి, పూతమందు ఇచ్చి పంపారు. ఆ మాటకు అర్థం తెలుసుకుందామని మీరు ఫోనులో వెతికితే బండల మీదా చెట్ల బెరళ్ల మీదా పెరిగే పాచి వంటి వాటి బొమ్మలు వచ్చాయి. వాటిలో ఒకటి మీ వంటింటి మసాలా డబ్బాలోని రాతిపువ్వే. ఆ రోజు నుండి మీ ఇంట్లో దాన్ని వాడటం మానేశారు. “ఇన్నేళ్లు తిన్నదే ఒంటికి పట్టుకుంది” అని అమ్మగారు దిగులుపడుతున్నారు. ఈ మాటకు అసలు అర్థమేమిటి, ఇది ఎక్కడ పుట్టింది, బండ మీద పెరిగే దానికీ ఒంటి మీద లేచే దానికీ ఒకే పేరు ఎలా వచ్చింది అని మీరు అడిగారు. నేను అనంతపురంలో 30 ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పినవాడిని, వైద్యుడిని కాను. అయినా ఈ పేరు వల్ల ఇటువంటి భయం కలగడం ఇదివరకు కూడా చూశాను కనుక వివరంగానే రాస్తున్నాను.

అమ్మగారికి ముందుగా చెప్పవలసినది ఇది. రాతిపువ్వు తినడం వల్ల లైకెన్ ప్లానస్ రాదు. అది శిలీంధ్రం వల్ల వచ్చేదీ కాదు, ఒకరి నుండి మరొకరికి అంటుకునేదీ కాదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ తన చర్మకణాల మీదనే పనిచేయడం వల్ల కలిగే వాపుగా వైద్యులు దాన్ని వివరిస్తారు. ఆ జబ్బుకూ బండ మీది లైకెన్‌కూ ఉన్న సంబంధమంతా కంటికి కనిపించే పోలికలోనే ఉంది. ఆ పోలిక ఎవరికి, ఎప్పుడు తోచింది అన్నదే ఈ మాట చరిత్ర.

లైకెన్ అన్నది గ్రీకు మాట. గ్రీకులో దాని రూపం ‘లేయిఖేన్’. అది లాటిన్‌లో ‘లిఖేన్’ అయి, 17వ శతాబ్ది ఆరంభానికి ఇంగ్లీషులోకి వచ్చి, అక్కడి నుండి మన పాఠ్యపుస్తకాలలోకి ‘లైకెన్’గా చేరింది. ఇంగ్లీషువారిలో కొందరు దీన్ని ‘లిచెన్’ అని కూడా పలుకుతారు. మనకు అలవాటైన లైకెన్ అన్న ఉచ్చారణలో తప్పేమీ లేదు. గ్రీకులో ‘లేయిఖేయిన్’ అనే క్రియ ఉంది. దాని అర్థం నాకడం. ఆ క్రియ నుండే ఈ నామవాచకం పుట్టి ఉంటుందని నిఘంటుకర్తలలో ఎక్కువమంది భావిస్తారు. అంటే లైకెన్ అన్న మాటకు మూలార్థం ‘నాకేది’ లేదా ‘చుట్టూ నాకుతూ పోయేది’ అని చెప్పుకోవచ్చు.

ఇక్కడ తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉంది. తరగతిలో దీన్ని చెప్పిన ప్రతిసారీ చివరి బెంచీల పిల్లలు కూడా తలెత్తి వినేవారు. గ్రీకు ‘లేయిఖేయిన్’కూ సంస్కృతంలోని ‘లిహ్’ ధాతువుకూ మూలం ఒక్కటే. సంస్కృతంలో హకారం పలికే చోట గ్రీకులో చాలాసార్లు ఖకారం పలుకుతుంది. మన హిమానికి చుట్టమైన గ్రీకు మాట ‘ఖేయిమా’. దానికి చలికాలమని అర్థం. అదే వరుసలో లిహ్ ధాతువుకు ‘లేయిఖ్’ సరిపోతుంది. ఇంగ్లీషులో నాకడానికి వాడే ‘లిక్’ కూడా ఈ కుటుంబంలోనిదే. ఇక లిహ్ ధాతువు మన ఇళ్లలో ఎక్కడుందో వెతకనక్కరలేదు. బాలింతలకు పెట్టే లేహ్యం, ఆయుర్వేదం అంగళ్లలో డబ్బాల్లో అమ్మే లేహ్యం, భక్ష్య భోజ్య చోష్య లేహ్యాలు అని విందును వర్ణించేటప్పుడు వచ్చే లేహ్యం అన్నీ నాకి తినదగినవన్న అర్థంలో ఏర్పడిన మాటలే. మబ్బులను నాకుతున్నంత ఎత్తైన మేడను కావ్యాలలో అభ్రంలిహమని అన్నారు. కాబట్టి డాక్టరు రాసిన లైకెనూ, అమ్మగారి అలమరలోని లేహ్యమూ దూరపు దాయాదులు. ఎన్నో వేల ఏళ్ల కిందట విడిపోయి, ఒకటి జబ్బు పేరుగా, ఒకటి మందు పేరుగా మళ్లీ ఒకే ఇంట్లో కలుసుకున్నాయి.

గ్రీకులో ఈ మాట ముందు దేనికి వాడారు, మొక్కకా జబ్బుకా అన్నది తరువాతి ప్రశ్న. మనకు దొరుకుతున్న పాత ప్రయోగాలలో జబ్బు అర్థమే గట్టిగా కనిపిస్తుంది. క్రీ.పూ. 458లో ఏథెన్సులో ప్రదర్శించిన ఈస్కిలస్ నాటకాలలో ఒక చోట, ఒంటి మీదికెక్కి క్రూరమైన దవడలతో మాంసాన్ని తినివేసే వ్యాధిగా ఈ మాట వస్తుంది. అదే వరుసలోని మరో నాటకంలో నేల మీద వ్యాపించి ఆకునూ సంతానాన్నీ లేకుండా చేసే తెగులుగా వస్తుంది. ఈ రెండో ప్రయోగంలో ఒంటికి చెప్పిన మాట నేలకు కూడా పాకడం గమనించండి. ఆ తరువాత అరిస్టాటిల్ శిష్యుడైన థియోఫ్రాస్టస్ ఆలివ్ చెట్ల బెరడు మీద కనిపించే పొక్కుల వంటి పెరుగుదలకు ఇదే పేరు పెట్టాడు. చెట్టు చర్మం మీది పొక్కును మనిషి చర్మం మీది పొక్కుతో పోల్చి చెప్పడం వృక్షాలను జీవులుగా చూసే ఎవరికైనా సహజంగా తోచే పని. మనం కూడా చెట్టుకు గజ్జి పట్టిందనీ, ఆకుకు మచ్చ తెగులు వచ్చిందనీ అంటాం కదా.

క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన డయాస్కొరిడీస్ అనే వైద్యుడు తన మూలికల గ్రంథంలో, తడి రాళ్లకు పాచిలా అంటుకుని పెరిగే ‘లేయిఖేన్’ అనే మొక్కను వర్ణించి, దాన్ని నూరి పట్టు వేస్తే రక్తం కారడం ఆగుతుందనీ, వాపు తగ్గుతుందనీ, ‘లేయిఖేన్’ అనే చర్మవ్యాధి నయమవుతుందనీ రాశాడు. ఆయన చెప్పిన మొక్క నేటి లైకెన్ కాకపోవచ్చు. తడి గోడల మీదా బావి రాళ్ల మీదా పచ్చగా పరుచుకునే లివర్‌వర్ట్ జాతి మొక్క అయి ఉంటుందని వృక్షశాస్త్ర చరిత్రకారులు అనుకుంటారు. ఏ మొక్క అయినా అక్కడ జరిగిన తర్కం మాత్రం స్పష్టం. జబ్బు లాగా కనిపించేది ఆ జబ్బుకు మందవుతుందన్న నమ్మకమది. రోమనుడైన ప్లీనీ కూడా మొక్కకూ జబ్బుకూ రెండింటికీ ఈ మాట వాడాడు. టైబీరియస్ చక్రవర్తి కాలంలో రోములో కొత్తగా వచ్చిన ఒక ముఖవ్యాధిని గ్రీకు పేరుతో లైకెన్ అంటారనీ, గడ్డం దగ్గర మొదలవుతుంది కనుక దానికి లాటిన్‌లో మరో పేరు కూడా పెట్టారనీ, పెద్ద కుటుంబాలవారు ఒకరినొకరు పలకరించుకుంటూ ముద్దు పెట్టుకోవడం వల్ల అది వారిలో పాకిందనీ వివరించాడు. ఆ జబ్బుకూ నేటి లైకెన్ ప్లానస్‌కూ సంబంధం లేదు. పైగా అది అంటుకునేది, ఇది అంటుకోనిది.

మీ ఇంట్లో జరిగినదానికీ డయాస్కొరిడీస్ చేసినదానికీ దగ్గరి పోలిక ఉంది. పేరు ఒక్కటే కనుక ఆ మొక్క ఆ జబ్బుకు మందవుతుందని ఆయన అనుకున్నాడు. పేరు ఒక్కటే కనుక ఆ మొక్కే ఆ జబ్బును తెచ్చిందని అమ్మగారు అనుకున్నారు. దాదాపు 2,000 ఏళ్ల దూరంలో ఇద్దరూ పేరులోని పోలికను కారణంగా తీసుకున్నారు. ఆ పోలిక ఎంత బలమైనదో ఒకసారి దగ్గరగా చూస్తే వారిద్దరినీ తప్పుపట్టాలనిపించదు.

మన అనంతపురం చుట్టూ ఉన్న గుండ్ల దగ్గరకు, లేదా గుత్తి కోట కొండ పైకి, ఒక చిన్న భూతద్దం, ఒక నీళ్ల సీసా తీసుకుని వెళ్లండి. ఎండకాలంలో దూరం నుండి ఆ బండలన్నీ ఉత్త రాళ్లలాగే కనిపిస్తాయి. దగ్గరకు వెళితే ఒక్కో బండ మీద బూడిదరంగు, నలుపు, పసుపు కలిసిన నారింజరంగు మచ్చలు గుండ్రంగా అతుక్కుని ఉంటాయి. వాటిని గోటితో తీయబోతే రావు. రాతిలో భాగమేనన్నట్టు పట్టుకుని ఉంటాయి. కొన్ని మచ్చలకు నడుమ భాగం పెళుసెక్కి, చిట్లి, అక్కడక్కడ రాలిపోయి కింది రాయి బయటపడి ఉంటుంది. అంచు మాత్రం సన్నగా, నిగనిగలాడుతూ, బయటికి జరుగుతూ ఉంటుంది. భూతద్దం పెట్టి ఆ అంచునే చూడండి. కొన్ని జాతులలో అంచంతా చిన్న చిన్న తమ్మెలుగా చీలి, ఒక్కో తమ్మె రాతి మీదికి చాచిన నాలుక కొసలా కనిపిస్తుంది. రెండు మచ్చలు ఎదురుబొదురుగా వచ్చి కలిసిన చోట నడుమ నల్లని గీత ఏర్పడడం కూడా కొన్నింటిలో చూడవచ్చు. ఇప్పుడు సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు ఆ బూడిద మచ్చ మీద పోసి ఒక నిమిషం ఆగండి. దాని పైపొర తడిసి పారదర్శకమై, లోపలి పచ్చదనం బయటికి కనిపించడం మొదలవుతుంది. మృగశిర కార్తెలో తొలి వానలు పడ్డ మరునాటి ఉదయం ఆ గుండ్లు రంగు మారినట్టు కనిపించడానికి ఇదీ ఒక కారణం. రాయికి జీవం ఉందా అన్న అనుమానం మా విద్యార్థులకు ఆ క్షణంలోనే కలిగేది.

నడుమ మాని, అంచున పాకుతూ, చుట్టూ పెద్దదయ్యే ఈ లక్షణాన్నే మన ఒంటి మీద తామరలో చూస్తాం. తామర కూడా బిళ్లలాగా మొదలై, నడుమ తగ్గినట్టు కనిపిస్తూ, అంచున ఎర్రగా లేచి చుట్టూ పెరుగుతుంది. గ్రీకువారు ‘లైకెన్’ అని పిలిచిన చర్మవ్యాధులలో మనం తామర, గజ్జి, సిబ్బెం అని విడివిడిగా చెప్పుకునేవి ఎన్నో కలిసిపోయి ఉండి ఉంటాయి. ఆ కాలంలో కారణాన్ని బట్టి కాక, కనిపించే రూపాన్ని బట్టే జబ్బులకు పేర్లు పెట్టేవారు.

తెలుగు ఈ పోలికను మరో విధంగా పట్టుకుంది. పాచి పాకింది అంటాం, తామర పాకింది అంటాం. బండ మీది దానికీ ఒంటి మీది దానికీ మనం వాడే క్రియ ఒక్కటే. గ్రీకువాడికి నాకడం తోచిన చోట తెలుగువాడికి పాకడం తోచింది. వారు పోలికను పేరులో పెట్టారు, మనం క్రియలో ఉంచుకున్నాం. ఈ పోలిక ఈ రెండు జాతులకే తోచిందనుకోనక్కరలేదు. జర్మన్ భాషలో లైకెన్‌ను ‘ఫ్లెఖ్టె’ అంటారు. అది అల్లడం అనే అర్థమున్న క్రియకు దగ్గరి మాట. ఆశ్చర్యమేమంటే జర్మన్లు కొన్ని చర్మవ్యాధులను కూడా అదే మాటతో పిలుస్తారు. సోరియాసిస్‌కు వారి వాడుక పేరు ‘పొలుసుల ఫ్లెఖ్టె’. రష్యన్‌లో ‘లిషాయ్’ అంటే తామర వంటి చర్మవ్యాధి. దానికే ఒక ప్రత్యయం చేర్చి లైకెన్‌ను ‘లిషాయ్‌నిక్’ అన్నారు. వీరి మాటలు గ్రీకు మాట నుండి పుట్టినవి కావు, వేరే మూలాల నుండి వచ్చినవి. అయినా మొక్కా జబ్బూ ఒకే పేరు కింద చేరాయంటే ఆ రూపసామ్యం ఎంత బలంగా కంటికి తగులుతుందో అర్థమవుతుంది. మన తామర సంగతి వేరు. తెలుగులో తామర అంటే పువ్వు కూడా, జబ్బు కూడా. అయినా చెరువులో తామర పూస్తే ఒంటికి తామర వస్తుందని ఏ అమ్మా పిల్లలను భయపెట్టదు. రెండూ పుట్టినప్పటి నుండి వింటున్న మాటలు కనుక ఆ భయం మనకు కలగదు. లైకెన్ పరాయి మాట కావడం వల్లనే అమ్మగారికి ఆ భయం కలిగింది.

వృక్షశాస్త్రంలో ఈ మాట నేటి అర్థానికి చేరడానికి చాలా కాలం పట్టింది. 17వ శతాబ్ది చివర ఫ్రాన్సుకు చెందిన తూర్నెఫోర్ ఈ రాతి, బెరడు మొక్కలను మాస్ మొక్కల నుండి వేరుచేసి లైకెన్ అనే పేరు కింద చేర్చాడు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ తనకు తెలిసిన లైకెన్లన్నింటినీ ‘లైకెన్’ అనే ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో పెట్టి, దాన్ని శైవలాల (నీటిపాచి వంటి వాటి) వర్గంలో చేర్చి వదిలేశాడు. ఆయన శిష్యుడు ఎరిక్ అకేరియస్ వాటి మీదనే జీవితం గడిపి, 1803లో ఒకటి, 1810లో ఒకటి పెద్ద గ్రంథాలు రాసి, ఆ ఒక్క ప్రజాతినీ అనేక ప్రజాతులుగా విడదీశాడు. మన ఇంటర్మీడియట్ పుస్తకాలలో లైకెన్ దేహానికి వాడే ‘థాలస్’ వంటి పారిభాషిక పదాలకు ఈ శాస్త్రంలో స్థానం కల్పించినది ఆయనే. అయితే అప్పటికీ లైకెన్ ఒకే మొక్క అనే అందరి నమ్మకం.

స్విట్జర్లాండుకు చెందిన సైమన్ ష్వెండెనర్ 1867లో ఆ నమ్మకాన్ని కదిలించాడు. లైకెన్ ఒక జీవి కాదనీ, శిలీంధ్రమూ శైవలమూ కలిసి కట్టిన ఇల్లనీ ఆయన చెప్పాడు. శిలీంధ్రాన్ని యజమానిగా, శైవలాన్ని బందీగా వర్ణించాడు. అప్పటి లైకెన్ శాస్త్రవేత్తలలో పెద్దవారికి ఇది అవమానంగా తోచింది. వారిలో ముఖ్యుడైన నైలాండర్ ఈ వాదాన్ని ఎన్నడూ అంగీకరించలేదు. (ఈ నైలాండరే 1866లో పారిస్ నగరంలోని ఒక తోటలో లైకెన్లను పరిశీలించి, గాలి మంచిదో చెడ్డదో లైకెన్ చెబుతుందని రాశాడు. ఒక విషయంలో అంత చూపున్న మనిషి మరో విషయంలో పట్టుదలకు పోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించేది.) చివరికి ష్వెండెనర్ మాటే నిలిచింది. శిలీంధ్రం నీటిని పట్టి ఉంచుతుంది, ఎండ నుండి కాపాడుతుంది, రాతిని పట్టుకుంటుంది. లోపల ఉన్న శైవలమో, సయనోబాక్టీరియం అనే ఆకుపచ్చ బాక్టీరియమో సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి అందులో భాగం ఇస్తుంది. ఇలా భిన్నజీవులు కలిసి బతకడానికి 1870ల చివర జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ ప్రచారంలోకి తెచ్చిన పేరే సింబయాసిస్, మన పుస్తకాల సహజీవనం. 2016లో కొన్ని లైకెన్ల పైపొరలో ఈ ఇద్దరితో పాటు మరో రకం ఈస్టు కూడా ఉందని కనుగొన్నారు. అంటే ఇంట్లో ఎంతమంది ఉన్నారన్న లెక్క ఇంకా పూర్తికాలేదు.

పేర్ల మీద ఆసక్తి ఉన్న మీకు ఒక నియమం చెబుతాను. లైకెన్‌కు పెట్టే శాస్త్రీయనామం ఆ జంటది కాదు, అందులోని శిలీంధ్రానిది మాత్రమే. లోపలి శైవలానికి దాని పేరు దానికి వేరుగా ఉంటుంది. ఈ విధంగా ‘లైకెన్’ అన్నది నేడు ఒక జాతి పేరు కాక, ఒక బతుకు తీరు పేరు అయింది. ప్రపంచంలో సుమారు 20,000 రకాల శిలీంధ్రాలు ఈ తీరున బతుకుతున్నాయని అంచనా.

ఇక మీ మసాలా డబ్బాలోని రాతిపువ్వు. కొంచెం అరచేతిలో వేసుకుని చూడండి. పైవైపు బూడిదరంగు, కిందివైపు నలుపు, అంచులు ముడుచుకుని, ఎండిన ఆకు ముక్కల్లా తేలికగా ఉంటుంది. పేరు రాతిపువ్వే అయినా దానికి అక్కడక్కడ చెట్టు బెరడు తునకలు అతుక్కుని ఉంటాయి. ఎందుకంటే హిమాలయాలలోనూ పడమటి కనుమలలోనూ దీన్ని రాళ్ల నుండే కాక చెట్ల కొమ్మల నుండి కూడా సేకరిస్తారు. పచ్చిగా వాసన చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. వేడి నూనెలో చెక్క, లవంగాలతో పాటు వేసినప్పుడే తొలివాన పడిన నేల వంటి వాసన లేస్తుంది. శాస్త్రంలో దీన్ని పార్మోట్రీమా అనే ప్రజాతిలో చేర్చారు. అంగడిలో అమ్మే పొట్లంలో దాని చుట్టాలైన మరికొన్ని జాతులు కూడా కలిసి ఉంటాయి. మన సరిహద్దు కన్నడిగులు దీన్ని ‘కల్లు హూవు’ అంటారు, ఉర్దూ మాట్లాడేవారు ‘పత్థర్ కా ఫూల్’ అంటారు, మరాఠీవారు ‘దగడ్ ఫూల్’ అంటారు. అన్నింటికీ రాతిపువ్వు అనే అర్థం. తమిళులు మాత్రం ‘కల్పాసి’, రాతిపాచి అన్నారు. అమరకోశంలో శైలేయానికి, అంటే సంస్కృతంలో రాతిపువ్వుకు, చెప్పిన పర్యాయపదాలలో ‘అశ్మపుష్పం’ కూడా ఉంది. అశ్మమంటే రాయి. గ్రీసులో దీన్ని చూసి ఆకలిగొన్న నాలుకను తలచుకున్నారు, మన దేశంలో ఇన్ని భాషలవారు పువ్వును తలచుకున్నారు. మనవారి పేరు నాకు ఎక్కువ నచ్చుతుంది. కానీ రాతిపువ్వు అన్న మాటను లైకెన్లన్నింటికీ పేరుగా వాడమని మాత్రం చెప్పను. అది వంటలో వేసే కొన్నింటికి మాత్రమే స్థిరపడిన పేరు. గుత్తి బండల మీది నారింజ మచ్చను రాతిపువ్వు అంటే, ఎవరైనా గీకి తెచ్చి కూరలో వేసే ప్రమాదం ఉంది. తినదగినవి కొన్నే. అందువల్ల సాధారణ నామంగా లైకెన్ అన్న మాటే ఉండనివ్వడం మంచిది.

గుత్తి మాట వచ్చింది కనుక ఒక చిన్న సంగతి. గుత్తికి చేరువలో, పత్తికొండ దారిలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో గ్రీకు రాజు ఆంటియోకస్ పేరు ‘అంతియోక’ అని చెక్కి ఉంది. మనుషులకూ పశువులకూ పనికివచ్చే మూలికలను ఆ రాజు దేశాలలో కూడా నాటించామని అదే శాసనం చెబుతుంది. థియోఫ్రాస్టస్ చనిపోయిన కొన్ని దశాబ్దాలకే ఈ అక్షరాలను చెక్కారు. గ్రీకు మాట మన బండల దాకా వచ్చిందని నేను అనడం లేదు. కానీ ఆ రోజుల్లోనే రెండు దేశాల నడుమ మూలికల పేర్లు తిరిగాయన్న ఆలోచన, ఎర్రగుడి వెళ్లిన ప్రతిసారీ నాకు కలుగుతుంది. మీరు అక్కడికి వెళితే బండల మీది మచ్చలను గీకకండి, పేర్లు చెక్కకండి. రాతికి అంటి పెరిగే లైకెన్లలో చాలా రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు అటూ ఇటుగా మాత్రమే పెరుగుతాయి. అరచేయి వెడల్పు మచ్చ మీ తాతగారి వయసుది అయి ఉండవచ్చు.

వైద్యంలో ఈ మాట తన దారిన నిలిచిపోయింది. 19వ శతాబ్దిలో చర్మవైద్యులు జబ్బులను వేరుచేసి చూడడం మొదలుపెట్టినప్పుడు, పాత గ్రీకు పేరును కొన్నింటికి ఉంచి, పక్కన లాటిన్ విశేషణాలు చేర్చారు. 1869లో లండనుకు చెందిన ఎరాస్మస్ విల్సన్ వర్ణించి పేరు పెట్టినదే లైకెన్ ప్లానస్. ‘ప్లానస్’ అంటే లాటిన్‌లో చదునైనది. ఈ జబ్బులో పొక్కుల పైభాగం గుండ్రంగా ఉబ్బకుండా పలకలా చదునుగా, కోణాలతో, మెరుస్తూ ఉంటుంది. అందుకే ఆ విశేషణం. డాక్టరు గారు భూతద్దంతో చూసినప్పుడు ఆ పొక్కుల మీద సన్నని తెల్లని వల వంటి గీతలు కనిపించి ఉంటాయి. 1895లో వాటిని వివరించిన వైద్యుడి పేరు మీద వాటిని విఖమ్ గీతలంటారు. అదేపనిగా గోకడం వల్ల చర్మం మందమెక్కి, గీతలు లోతుగా పడి తోలులా మారితే దాన్ని ‘లైకెనిఫికేషన్’ అంటారు. అది కూడా చూపుకు బెరడులా కనిపించడం వల్ల వచ్చిన మాటే, దానిలో లైకెన్ ఏమీ ఉండదు. చీటీ రాసేటప్పుడు “ఇది పాచి కాదు, అంటుకోదు, పేరు మాత్రమే అలాంటిది” అని ఒక్క వాక్యం తెలుగులో చెబితే ఎన్నో ఇళ్లలో ఈ దిగులు ఉండదు. వైద్యుల దగ్గర సమయం తక్కువని నాకు తెలుసు, అయినా ఆ వాక్యం చాలా అవసరమని నా అభిప్రాయం.

నిజాయితీగా మరో రెండు సంగతులు కూడా చెప్పాలి. అడవులలో లైకెన్లు పట్టిన చెట్లను రోజూ కొట్టే కూలీలలో కొందరికి, వాటిలోని ఆమ్లాలు పడక చేతుల మీదా ముఖం మీదా దురద, దద్దుర్లు రావడం వైద్యులు గుర్తించారు. అది అలర్జీ. అమ్మగారి జబ్బు అది కాదు. రెండవది, లైకెన్ ప్లానస్ కొందరికి నోటిలో కూడా వస్తుంది. బుగ్గల లోపలి వైపు తెల్లని వల వంటి చారలు, కొన్నిసార్లు పుండ్లు కనిపిస్తాయి. అలా ఉంటే కారం, పులుపు, మరీ వేడిగా ఉన్నవి తిన్నప్పుడు మంట ఎక్కువవుతుంది కనుక తగ్గించమని వైద్యులు చెబుతారు. మన సీమ ఇళ్లలో కారం వాడకం ఎంతో నేను చెప్పనక్కరలేదు. కాబట్టి ఒకసారి అమ్మగారిని అద్దం ముందు నిలబెట్టి నోరు తెరిపించి చూడండి, అనుమానంగా ఉంటే ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించండి. అప్పుడు తగ్గించవలసింది ఎండుమిరపకాయలు. నాటుకోడి పులుసు మసాలాలో చిటికెడు రాతిపువ్వును మళ్లీ వేసుకోవచ్చు. పూతమందు మాత్రం డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆపకుండా రాయించండి. పొక్కులు తగ్గిన చోట నల్లని మచ్చలు కొన్ని నెలల పాటు మిగులుతాయి. వాటిని చూసి జబ్బు మళ్లీ పాకిందని అమ్మగారు అనుకోకుండా ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.